ఎడమ కాలి గోల
మా కడప ఎండల్లో మేడమీద గదిలో డ్రమ్స్ డబుల్ పెడల్ (రెండు కాళ్లతోనూ కింది పెద్ద డ్రమ్మును కొట్టే జంట పెడల్) తొక్కడమంటే పిచ్చే, అయినా మానలేను. ఏడాదిగా స్పీడు నిమిషానికి 140 బీట్ల దగ్గరే ఆగిపోయింది, రెండు నిమిషాలకే మోకాలి కింద ముందువైపు కండరం రాయిలా బిగుసుకునేది. తప్పంతా ఎడమ కాలిదే అనుకున్నాను కానీ అసలు స్టూలే మరీ కిందికి ఉంది! తొడలు మోకాళ్ల వైపు కాస్త వాలేలా ఎత్తు పెంచాక సగం బాధ పోయింది.

ఇప్పుడు మెట్రోనోమ్ (టిక్ టిక్‌మని తాళం వేసే యంత్రం) నిమిషానికి 100 బీట్లకి పెట్టి బీటుకు నాలుగు దెబ్బలు, అంటే సెకనుకు ఆరేడు, ఐదు నిమిషాలు ఆపకుండా కొడతాను, కాలు బిగిస్తే వెంటనే ఆపేస్తాను. తర్వాత అదే ఎడమ కాలితో మొదలుపెట్టి. బోరే, కానీ పనిచేస్తోంది. వేగం పెరిగేకొద్దీ తొడ ఎత్తడం తగ్గించి చీలమండతో కొట్టాలి.

కింది ఇంటి పెద్దమ్మ మాత్రం "ఏందబ్బీ, పైన పిండిమర పెట్టినావా?" అంది. డ్రమ్ము కింద పాత బొంత పరిచాను.