దొరగారి జ్వరం

ఇండోనేషియాలోని జావా దీవిలో నేనున్న ఊళ్లో ఎలుకను పేరు పెట్టి పిలవరు. ‘దెన్ బాగుస్’ అంటారు. చక్కని దొరగారు అని అర్థం. పేరెత్తి తిడితే పగబట్టి ఆ రాత్రే మడంతా కొరికేస్తుందని భయం. మన పల్లెల్లో చీకటి పడ్డాక పామును పురుగు అన్నట్టే. ఆ దొరగారి దయవల్ల నేను పదకొండు రోజులు ఆసుపత్రిలో పడున్నాను.

మాది దివిసీమ. కౌళ్లు, పాళ్ల మీద పరిశోధన కోసం యోగ్యకర్తా నగరానికి దక్షిణాన, బంతుల్ జిల్లాలో ఒక పల్లెలో ఏడాదిన్నర ఉన్నాను. నాకు గది ఇచ్చినావిడకి డెబ్బై దాటాయి. అందరూ ఎంబాహ్ అంటారు, మన మామ్మ లాగా. నన్ను ‘లే’ అనేది. మగపిల్లల్ని పిలిచే పిలుపు. నేను చేరిన రోజు సంచి కూడా విప్పనివ్వకుండా ఆర్‌టీ గారింటికి లాక్కెళ్లింది. ఆర్‌టీ అంటే కొన్ని పదుల ఇళ్లకు ఒక పెద్ద. కొత్త మనిషి ఊళ్లోకొస్తే ఇరవై నాలుగు గంటల్లో ఆయనకు చెప్పాలి. జబ్బు పడ్డాక ఆ చెప్పడం ఎంత పనికొచ్చిందో తర్వాత తెలిసింది.

ఎంబాహ్‌కి ఉన్నది వెయ్యి చదరపు మీటర్ల మడి. మన లెక్కలో పాతిక సెంట్లు. అది కూడా పక్కింటాయనకు ‘మరో’కి ఇచ్చింది, అంటే పంటలో చెరిసగం. అర హెక్టారు కూడా లేని రైతుని అక్కడ ‘గురెం’ అంటారు. గురెం అంటే కోడిపేను. మొదటిసారి విన్నప్పుడు నవ్వాను. నా నోట్‌బుక్‌లో రాసుకున్న ఇళ్లలో ముప్పావు వంతు కోడిపేనులే అని తేలాక ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. అంత చిన్న చెక్కలో ఎలుకలు పడితే ఇక మిగిలేదేముంది? పంట పొట్ట మీదుండగా అడుగున కొరికేస్తాయి. ఒక్కడు తన మడిలో చంపుకుంటే పక్క గట్టులోంచి మళ్లీ వస్తాయి. అందుకే ఊరంతా కలిసి వేటాడతారు. దాన్ని ‘గ్రోప్యోకన్’ అంటారు.

ఆ పొద్దున నేనూ దిగాను. పరిశోధకుడు గట్టు మీద నిలబడి ఫొటోలు తీసుకోవచ్చు. కానీ పాతిక మంది బురదలో ఉంటే నాకు సిగ్గేసింది. కొందరు గట్లు తవ్వుతున్నారు, కొందరు కన్నాల్లోకి గంధకం పొగ పెడుతున్నారు, మిగతావాళ్లం కర్రలతో కాపు కాశాం. అందరివీ ఒట్టి కాళ్లే. ముందురోజు కొబ్బరి మట్ట కోస్తుంటే నా మడమ దగ్గర తెగింది. దాని మీద చుట్టిన గుడ్డ బురదలో ఎప్పుడు ఊడిపోయిందో చూసుకోలేదు. ఎలుక నన్ను కరవలేదు, నేను దాన్ని ముట్టుకోనూ లేదు.

పదో రోజు సాయంత్రం చలి మొదలైంది. దంతాలు టకటక కొట్టుకున్నాయి. ఎంబాహ్ నుదురు ముట్టుకుని ‘మాసుక్ అంగిన్’ అంది. ఒంట్లోకి గాలి దూరిందని. జావాలో తలనొప్పికీ, కడుపుబ్బరానికీ, నీరసానికీ అదే పేరు. మనవాళ్లు గాలి సోకిందంటే మంత్రం వేయిస్తారు, వీళ్లు నాణెంతో గీకుతారు. నన్ను బోర్లా పడుకోబెట్టి వీపంతా నూనె రాసి, నాణెం అంచుతో పక్కటెముకల వెంట గీకింది. ఆ కెరోకన్ అయ్యేసరికి నా వీపు మీద ఎర్రని చారలు. ‘చూడు ఎంత గాలి ఉందో’ అంది పక్కింటావిడతో. నిజం చెప్పాలంటే ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది. అదే కొంప ముంచింది. మర్నాడు కూడా గాలే అనుకున్నాం. ఇంకో రోజు మగ నర్సు ఒకాయన వచ్చి జ్వరం బిళ్లలిచ్చాడు. అమ్మ ఫోన్ చేస్తే ‘మామూలు జ్వరమే, టెన్షన్ పడకు’ అన్నాను. తప్పు ఎంబాహ్‌దో ఆయనదో అనను. చదువుకున్నవాణ్ని నేనే నాలుగు రోజులు దాటేశాను.

నాలుగో రోజు పిక్కలు పట్టేశాయి. ఆ నొప్పి ఎలా చెప్పాలో తెలీదు. దుప్పటి తగిలినా అరిచేవాణ్ని. మరుగుదొడ్లో గొంతుక్కూర్చోలేక గోడ పట్టుకుని ఏడ్చాను. అద్దంలో చూస్తే కళ్లు నెత్తుటి ముద్దల్లా ఉన్నాయి, పుసి మాత్రం లేదు. ఐదో రోజు మూత్రం కషాయం రంగుకు తిరిగింది, అది కూడా చాలా కొద్దిగా.

ఆర్‌టీ గారు వచ్చి చూసి ఇంకేం మాట్లాడలేదు. బండి తీశారు. నన్ను మధ్యలో కూర్చోబెట్టి వెనక పక్కింటాయన కూర్చుని నా నడుం చుట్టూ చేతులు బిగించాడు. పంటకాలవ రోడ్డు మీద గుంతల్లో పడ్డప్పుడల్లా తెలుగులో తిట్టాను. ఇద్దరూ ‘అవునవును’ అన్నారు.

పుస్కెస్మాస్ అంటే మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. అక్కడ డెంగీ పరీక్ష చేశారు, లేదని వచ్చింది. ఒక నర్సమ్మ వచ్చి, ఏమీ అడక్కుండానే నా పిక్కని వేళ్లతో నొక్కింది. నా కేకకి బయట వరసలో ఉన్నవాళ్లు లోపలికి తొంగి చూశారు. అప్పుడడిగింది, ‘మడిలోకి దిగారా?’ అని. 2011లో బంతుల్‌లో ఈ జ్వరం బాగా ప్రబలింది. అక్కడివాళ్లు పిక్కలు చూడటం మరిచిపోరు. లెప్టోస్పైరోసిస్. మనవాళ్లు ఎలుక జ్వరం అంటారు.

అక్కణ్ణుంచి అంబులెన్స్‌లో పెద్దాసుపత్రికి. ప్లేట్‌లెట్లు పడిపోయాయి, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ 3.8కి పెరిగింది, కళ్లలో పచ్చదనం. డాక్టరు చెప్పిందేంటంటే, ఈ సూక్ష్మజీవి ఎలుక మూత్రపిండాల్లో కాపురం ఉంటుంది. ఎలుకకు ఏ ఇబ్బందీ ఉండదు. దాని మూత్రం మడి నీళ్లలో కలుస్తుంది, మన కాలి మీద చిన్న గాటు చాలు. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ సెలైన్‌లో ఎక్కించారు. రోజూ మూత్రం కొలిచేవారు. రెండు రోజులు డయాలసిస్ మాట నడిచింది. మూడో రోజు సీసాలో గీత పైకి జరిగింది. జీవితంలో ఏ మార్కుల కోసమూ అంత ఎదురుచూడలేదు. జ్వరం మత్తులో ఉండగా రాత్రి డ్యూటీ నర్సు ‘తోయా’ కావాలా అని అడిగింది. మర్యాదగా మాట్లాడే జావనీస్‌లో నీళ్లని అలాగే అంటారు. మా తాతయ్య చదివే పద్యాల్లోని తోయం ఇక్కడికెలా వచ్చిందబ్బా అనుకుంటూ తాగాను.

ఆరో రోజు ‘తిలిక్’కి వచ్చారు, అంటే రోగిని పలకరించడానికి. ఎవరో ఇద్దరొస్తారనుకుంటే ఓపెన్ లారీలో ముప్పై మంది దిగారు. చీటీ ప్రకారం ఇద్దరిద్దరే లోపలికి. ప్రతి జంటా అరటిపళ్లు, రొట్టె, చిన్న కవర్లో డబ్బు పెట్టి, ఎలా ఉందని అడిగి, రెండు నిమిషాలు నిలబడి వెళ్లిపోయారు. లారీ బాడుగ ‘జింపితాన్’ డబ్బు. ఊళ్లో ప్రతి గుమ్మానికీ ఒక చిన్న డబ్బా వేలాడుతుంది. పూర్వం అందులో పిడికెడు బియ్యం వేసేవారు, ఇప్పుడు చాలామంది నాణెం వేస్తారు. రాత్రి గస్తీ తిరిగేవాళ్లు అది పోగుచేస్తారు. నేను ఆ డబ్బాలో ఏడాదిపాటు వెయ్యడం మరిచిపోతూనే ఉన్నాను. నా బదులు ఎంబాహ్ వేసేదట. లారీ దిగినావిడ ఎవరో నవ్వుతూ చెబితే తెలిసింది.

ఇంటికొచ్చాక ఆరు వారాలు మెట్టెక్కితే ఆయాసం. అక్కడ మూలికల కషాయాన్ని ‘జాము’ అంటారు. బుట్ట వీపున కట్టుకొచ్చి అది అమ్మే అమ్మాయి, కాలేయానికి మంచిదని తెములావాక్ అనే పసుపు జాతి దుంప కషాయం పోసేది. మూత్రపిండాలు కుదురుకునేదాకా ఏ కషాయమూ వద్దన్నాడు డాక్టరు. డబ్బులిచ్చేశాం కదా, నా గ్లాసు ఎంబాహ్ తాగేసేది.

మంచంలో ఉన్నన్నాళ్లూ ఒకటే గుర్తొచ్చేది. మా దివిసీమలో కోతల ముందు ఎలుకల బుట్టలు పెట్టడానికి యానాదులు వచ్చేవారు. చిన్నప్పుడు వాళ్ల వెంట గట్ల మీద పరిగెత్తాను. పట్టిన ఎలుకకి ఇంత అని నాన్న డబ్బులిచ్చేవాడు. వాళ్లలో ఎవరికైనా జ్వరం వచ్చిందా, వస్తే ఎక్కడికెళ్లారో మా ఇంట్లో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

తర్వాతి పంటకి మళ్లీ గ్రోప్యోకన్ పెట్టారు. ఆరోగ్య కేంద్రం వాళ్లు ముందే వచ్చి బూట్లు లేకుండా దిగొద్దని చెప్పి వెళ్లారు. నేను పట్నం నుంచి మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు కొనుక్కొచ్చాను. మూడో అడుగుకే కుడి బూటు బురదలో దిగబడిపోయింది. నా కాలు పైకొచ్చింది, బూటు రాలేదు. ఆ ఒట్టి కాలు ఎక్కడ పెట్టాలో తెలీక కొంగలా నిలబడ్డాను. మడంతా నవ్వింది. పక్కింటాయన తన ఒట్టి కాళ్లతోనే వచ్చి నన్ను భుజాన వేసుకుని గట్టెక్కించాడు. ఈ బురదలో బూట్లతో పని జరగదని వాళ్లు ఎందుకంటారో అప్పుడర్థమైంది. తోకకి ఇంత అని గ్రామ కార్యాలయం డబ్బిస్తోంది కాబట్టి ఎవరో ఒకరు లెక్క రాయాలి. నన్ను గట్టు మీద కూర్చోబెట్టి నోట్‌బుక్ చేతికిచ్చారు.

మధ్యాహ్నానికి నూట నలభై రెండు తోకలు. పక్కింటాయన మడమలు చూశాను. రెండూ పగుళ్లే.