జ్వాలాపురం బూడిద

బనగానపల్లె బస్టాండులో జ్వాలాపురం ఊరికి అంటే ఏ ఆటో కదల్లేదు, అందరూ యాగంటికే రమ్మంటారు. "ఆడ ఏముంది సార్ చూసేదానికి" అంటూనే ఒకతను రానూపోనూ ఎనిమిది వందలు అడిగాడు. ఆరొందలకు దింపేసరికి ఎండ నెత్తిమీదికొచ్చింది.

ఏముందంటే, సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం బద్దలైంది. గడిచిన 20 లక్షల ఏళ్లలో అంత పెద్ద పేలుడు ఇంకోటి లేదు. ఆ బూడిద సముద్రం దాటి రెండున్నర వేల కిలోమీటర్ల పైన ప్రయాణం చేసి ఈ జుర్రేరు లోయలో పడింది, పల్లంలో పేరుకుని కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా మందం కట్టింది. పురావస్తు శాస్త్రవేత్తలు రవి కొరిసెట్టర్, మైకేల్ పెట్రాగ్లియాల బృందం ఇక్కడ తవ్వితే బూడిద కింద రాతి పనిముట్లు దొరికాయి, దాని పైనా దాదాపు అలాంటివే దొరికాయి. 2007లో ఈ సంగతి అచ్చయినప్పుడు ప్రపంచమంతా మాట్లాడుకుంది. అంత ఉపద్రవం తర్వాత కూడా ఇక్కడ మనుషులు బతికే ఉన్నారని వాళ్ల వాదన. వాళ్లు మనలాంటి మనుషులేనా అన్నదానిమీద ఇప్పటికీ గొడవే, ఆ కాలపు మనిషి ఎముకలు ఇక్కడ దొరకలేదు కాబట్టి.

ఇంత ఉన్నచోట దారి చూపే బోర్డు ఒక్కటీ నాకు కనబడలేదు. గొర్రెలు కాసే పెద్దాయన ఒకరు నన్ను ఆపి "బూడిద కోసరం వచ్చినావా నాయనా" అని తనే ముందు నడిచాడు. తెగిన గట్టులో ఎర్రమట్టి మధ్య తెల్లటి పొర. వేలితో రాస్తే ముగ్గుపిండి లాగా మెత్తగా ఉంది. గిన్నెలు తోమే పొడిలో కలపడానికి ఏళ్ల తరబడి తవ్వి లారీలకెత్తారట. "శానా పోయింది, మిగిలింది ఇదే" అన్నాడు మామూలుగా. నాకు మాత్రం కడుపు మండిపోయింది. పొర పోతే దాని కింద ఏముందో, పైన ఏముందో చెప్పే ఆధారమూ పోతుంది, మళ్లీ పేర్చడానికి కుదరదు కదా.

పక్కనే బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలున్నాయి, 1884లోనే భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ తవ్వించిన చోటు. అక్కడికీ పోదామంటే ఆటో అతను ఇంకో నాలుగొందలన్నాడు, ఈసారి బేరమాడలేదు. బెలుం గుహలకు టికెట్ కొని వెళ్లే మనవాళ్లు దారిలో ఒక పూట ఇటు తిరిగితే బాగుంటుంది, ఆ గట్టు ఇంకా అక్కడ ఉన్నప్పుడే.