సగం ఉంది కదా, చాలన్నారు

ఆపరేషన్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. మెడలో కుడివైపు గడ్డ, సూది పరీక్ష, థైరాయిడ్ గ్రంథిలో ఆ సగం తీసివేత. కుట్టు సన్నగా మానింది. గడ్డ క్యాన్సర్ కాదని తెలిసిన రోజు అత్తయ్య భద్రకాళి గుడికి వెళ్లి కొబ్బరికాయ కొట్టి వచ్చారు.

"మాత్రలు వాడాలా సార్?" అని అడిగాను. డాక్టరు ఫోను చూసుకుంటూనే "సగం ఉంది కదమ్మా, చాలు" అన్నారు. మళ్లీ రక్తపరీక్ష ఎప్పుడో చీటీలో రాయలేదు. కత్తి పట్టిన ఆ చేతికి దండం పెడతాను, ఆ మాటకు మాత్రం పెట్టను.

వేసవి వచ్చేసరికి దువ్వెన నిండా జుట్టు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. "తిని కూర్చుంటే ఒళ్లు రాదా వదినా?" అని ఆడపడుచు నవ్వింది. మే నెలలో హనుమకొండ ఎలా ఉంటుందో తెలిసిందే, అర్ధరాత్రికీ గోడలు వేడి కక్కుతుంటాయి. ఒకరాత్రి ఇంటిల్లిపాదీ కూలర్ ముందు పడుకుంటే నేను రగ్గు కప్పుకుని వణుకుతున్నాను. లేచి అద్దంలో చూసుకుంటే కనురెప్పలు ఉబ్బి, ముఖం ఎవరిదోలా ఉంది. మావారిని పిలవబోతే గొంతు బొంగురుగా పలికింది. క్యాన్సర్ కాదని నాతో అబద్ధం చెప్పారేమో! పాప పక్కన కూర్చుని, దాని కాలి పట్టీ సవరిస్తూ తెల్లవార్లూ అదే ఆలోచన.

పొద్దున్నే రక్తం ఇచ్చాం. థైరాయిడ్ సరిగా పనిచేయకపోతే పెరిగే హార్మోను టీఎస్‌హెచ్. నాలుగు దాటకూడనిది 38 ఉంది. కాజీపేటలో మేం చూపించుకున్న పెద్ద డాక్టరు పాత బయాప్సీ రిపోర్టు అడిగి, రెండో పేజీలో ఒక వరుస మీద వేలు పెట్టారు. గడ్డ చుట్టూ ఉన్న గ్రంథి భాగంలో హషిమోటో లక్షణాలున్నాయట, ఒంట్లోని రక్షణ వ్యవస్థే థైరాయిడ్‌ను దెబ్బతీసే జబ్బది. అంటే మిగిలిన సగమూ అప్పటికే దెబ్బతింటోందన్నమాట. ఆసుపత్రి బిల్లును వరుసవరుసా చదివించారు గానీ, ఈ వరుస ఎవరూ చదవలేదు!

సగం తీసినవాళ్లలో సుమారు ఐదుగురిలో ఒకరికి హార్మోను తగ్గుతుందని, హషిమోటో ఉన్నవాళ్లకు ఆ ముప్పు ఇంకా ఎక్కువని, అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ చూడాలని ఆయన తీరిగ్గా చెప్పారు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. మీకు ఈ ఆపరేషన్ అయితే బయాప్సీ కాగితం మొత్తం చదివించుకోండి, పరీక్ష తేదీ రాయించుకోండి.

ఇప్పుడు పరగడుపున థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోను) మాత్ర, గంట ఆగి టీ. కాల్షియం మాత్ర నాలుగు గంటల తర్వాతే. అత్తయ్య మాత్రం ఇదంతా సమ్మక్క తల్లి దయేనంటారు. మేడారం జాతరలో నా ఎత్తు బంగారం (అక్కడ బెల్లాన్ని అలాగే అంటారు) తూస్తానని మొక్కుకున్నారు. ఒళ్లు కాస్త తగ్గాక తూకానికి కూర్చుంటానన్నాను. బెల్లం కొనేది మావారు కదా.