రంగు ఎక్కించకుండా రక్తం లెక్క

గర్భసంచిలో గడ్డలని స్కాన్‌కి వచ్చేవాళ్ళు బయటికొస్తూ అడిగేది ఒకటే: "సైజు ఎంతుందమ్మా?" ఆ సెంటీమీటర్లు పట్టుకుని ఇంటికెళ్తారు. ఇక అత్తగారు, తోటికోడలు, పక్కింటి పిన్ని అందరూ కలిసి సంచి తీయించేయాలో ఉంచాలో తేల్చేస్తారు. గర్భసంచి ఆపరేషన్లలో మన రాష్ట్రం దేశంలోనే పై వరుసలో ఉందంటే ఊరికే కాదు.

నేను రాజమండ్రిలో ఎమ్మారై టెక్నీషియన్ని. నన్నడిగితే సైజు కన్నా ఆ గడ్డ ఎంత రక్తం లాగుతోందన్నది ముఖ్యం. ఒకే సైజు ఫైబ్రాయిడ్లు (ఈ గడ్డల పేరు అదే) రెండు పక్కపక్కనే ఉన్నా, ఒకదాని నిండా రక్తం ఆడుతుంటుంది, రెండోది లోపల ఎప్పుడో చచ్చి ఉంటుంది. సంచి తియ్యకుండా, గర్భాశయ ధమనిలోకి సన్నటి రేణువులు పంపి గడ్డకి రక్తం ఆపేసే ఎంబొలైజేషన్ ఉంది కదా (ఫైబ్రాయిడ్లకి పారిస్ డాక్టర్లు 1995లో ప్రకటించారు), రక్తమే అందని గడ్డకి అది చేసి ఏం లాభం?

గడ్డకి రక్తం అందుతోందో లేదో తెలుసుకోడానికి మామూలుగా గాడోలినియం ఇంజెక్షన్ ఇస్తాం, రక్తం చేరినచోట బొమ్మలో మెరిసే మందది. మావాళ్ళ భాషలో 'రంగు ఎక్కించడం'. కిడ్నీలు బాగా పాడైనవాళ్ళకి కొన్ని రకాల గాడోలినియంతో చర్మం గట్టిపడే జబ్బు వస్తుందని 2006లో బయటపడింది. అప్పట్నుంచీ కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్ రిపోర్టు చూడనిదే సూది పట్టం.

రంగు లేకుండా కొలిచే దారులూ ఉన్నాయి. మా నాన్న బొబ్బర్లంక వైపు కాలువ మీద లస్కరుగా (నీళ్ళు, తూములు చూసుకునే పని) చేశారు, నాకు ఇవి ఆ లెక్కలోనే అర్థమయ్యాయి. ఇంజనీర్లొచ్చి కాలువలో మీటరు దించి, నీటి వేగాన్ని కాలువ అడ్డుకోతతో గుణించి ఇన్ని క్యూసెక్కులని రాసుకునేవారు. ఫేజ్ కాంట్రాస్ట్ ఎమ్మారై చేసేదీ అదే. ధమనికి అడ్డంగా ఒక స్లైసు తీసి, కదిలే రక్తం సిగ్నల్లో వచ్చే ఫేజు (తరంగం దశ) తేడానిబట్టి వేగం లెక్కగడుతుంది. గర్భాశయ ధమని సన్నం, పైగా మెలికలు. మెషీన్లో ముందే పెట్టే వేగం హద్దు తక్కువైతే ముందుకెళ్ళే రక్తం వెనక్కి పారుతున్నట్టు చూపిస్తుంది. అండాశయ ధమని నుంచి కూడా సంచికి కొంత రక్తం వస్తుంది, ఆ తూము ఈ లెక్కలోకి రాదు.

తల కాలువ నిండుగా పారినా శివారు పొలానికి నీళ్ళందాయా అన్నది వేరే ప్రశ్న. దానికి ఆర్టీరియల్ స్పిన్ లేబెలింగ్. ధమనిలో పైకెక్కడో ఉన్న రక్తంలోని నీటి ప్రోటాన్లని రేడియో తరంగంతో తలకిందులు చేసి, అవి కండలోకి చేరేదాకా ఆగి ఒక బొమ్మ తీస్తాం. తలకిందులు చెయ్యకుండా ఇంకోటి. రెండో దాంట్లోంచి మొదటిది తీసేస్తే మిగిలింది చేరిన రక్తమే. వంద గ్రాముల కండకి నిమిషానికి ఇన్ని మిల్లీలీటర్లని అంకె వస్తుంది. చిక్కేంటంటే ఆ తేడా చాలా చిన్నది, గుర్తేమో కొద్ది సెకన్లలో చెరిగిపోతుంది. అందుకని మళ్ళీ మళ్ళీ తీసి సగటు కట్టాలి. ఈలోగా పేగులు కదులుతాయి, ఊపిరికి పొట్ట ఎగురుతుంది. మెదడుకి ఈ పద్ధతి ఆసుపత్రుల్లో వాడుకలోకొచ్చింది గానీ గర్భసంచికి ఇంకా పరిశోధనల్లోనే నలుగుతోంది.

నెలసరి రోజునిబట్టి కూడా రక్తప్రవాహం మారుతుంది. చివరిసారి ఎప్పుడయ్యారో ఫారంలో రాసుకోకపోతే రేపు ఇంకో స్కాన్‌తో పోల్చలేం. ఈ మాట మగ టెక్నీషియన్లు అడగరు, ఆడవాళ్ళు వాళ్ళకి చెప్పరు.

మొన్న రాజోలు వైపు నుంచి ఒకావిడ వచ్చారు. క్రియాటినిన్ ఎక్కువ, రంగు వద్దని డాక్టరుగారు రాశారు. మంగళసూత్రం తియ్యడానికి కంగారుపడి, ముందు దానికి తగిలించిన పిన్నీసులు ఒక్కొక్కటే విప్పి నా చేతిలో పెట్టారు. మాకు భయం బంగారంతో కాదు, ఆ ఇనప పిన్నీసులతోనే. "రంగు లేకపోతే తెలుస్తుందా అండీ?" అన్నారు. గడ్డ ఎక్కడుందో, ఎంతుందో తెలుస్తుందండీ, రక్తం సంగతి డాప్లర్‌లో (రక్తం కదలిక చూపే అల్ట్రాసౌండ్ స్కాన్) కొంత చూస్తారని చెప్పాను. డాప్లర్‌లో చూసేవాళ్ళ చెయ్యి ఏ కోణంలో ఉంటే అంకె అలా మారుతుందని ఆవిడకి చెప్పలేదు.

మా మెషీన్లో ఫేజ్ కాంట్రాస్ట్ ఉంది, గుండె కేసుల కోసం తీసుకున్నారు. కిడ్నీ బాగుండి ఎలాగూ రంగు ఎక్కించే ఫైబ్రాయిడ్ కేసుల్లో ముందు ఇదీ తీసి పోల్చి చూద్దామా అని మా రేడియాలజిస్టు మేడాన్ని అడిగాను. పేషెంటు ఒప్పుకోలు, ఎథిక్స్ కమిటీ కాగితాలు కావాలన్నారు. ఒప్పుకోలు పత్రం తెలుగులో నేనే రాస్తున్నాను.