గేర్‌బాక్స్ ఎక్కించక ముందే కొలవవలసిన ఖాళీ

శనివారం, డాలస్

ఈ రోజు పగలంతా గరాజులో, 1966 నాటి ఫోర్డ్ ముస్టాంగ్ కారు కిందే గడిచింది. ఆ కారు క్లచ్ మొదట రాడ్లు, లివర్లతో పనిచేసేది. కొత్త ఎగ్జాస్ట్ గొట్టాలు వాటి దారికి అడ్డు రావడంతో, ట్రెమెక్ కంపెనీ ఐదు గేర్ల గేర్‌బాక్స్‌తో పాటు హైడ్రాలిక్ రిలీజ్ బేరింగును తెప్పించాను. ఇన్‌పుట్ షాఫ్టు చుట్టూ అమరే ఈ బేరింగు వెనుక ఒక పిస్టన్ ఉంటుంది; పెడల్ తొక్కినప్పుడు ఫ్లూయిడ్ ఒత్తిడికి అది ముందుకు జరిగి, ప్రెషర్ ప్లేటు (క్లచ్ డిస్కును ఫ్లైవీలుకు, అంటే ఇంజను వెనుక తిరిగే బరువైన చక్రానికి, అదిమిపట్టే ప్లేటు) ఫింగర్లను, అంటే దాని స్ప్రింగు పట్టీలను, నొక్కి క్లచ్‌ను వదిలిస్తుంది.

ఉదయమంతా కొలతలకే కేటాయించాను. బెల్ హౌసింగ్ (ఇంజనుకూ గేర్‌బాక్స్‌కూ మధ్య క్లచ్‌ను కప్పే గంట ఆకారపు పెట్టె) వెనుక అంచు మీద ఉక్కు బద్దను ఆనించి, దాని మందాన్ని మినహాయించుకుని, అక్కడి నుంచి ఫింగర్ల కొనల దాకా డెప్త్ గేజితో కొలిస్తే 72.6 మిల్లీమీటర్లు వచ్చింది. పిస్టన్‌ను పూర్తిగా లోపలికి నొక్కిపెట్టి, గేర్‌బాక్స్ ముందు అంచు నుంచి బేరింగు ముఖం దాకా కొలిస్తే 66.2. అంటే బేరింగుకూ ఫింగర్లకూ మధ్య 6.4 మిల్లీమీటర్ల ఖాళీ ఉంది. బేరింగుతో వచ్చిన పుస్తకం 0.150 నుంచి 0.200 అంగుళాలు, అంటే దాదాపు 3.8 నుంచి 5.1 మిల్లీమీటర్లు ఉండాలంటోంది. బేరింగు వెనుక 2.3 మిల్లీమీటర్ల షిమ్ (ఖాళీ తగ్గించే పలుచని బిళ్ల) వేస్తే 4.1కి వచ్చింది.

ఆ ఖాళీ ఎందుకన్నది తెలిస్తే ఎవరూ ఈ పనిని దాటవేయరు. క్లచ్ డిస్కు అరిగేకొద్దీ ప్రెషర్ ప్లేటు ఫ్లైవీలు వైపు జరుగుతుంది, ఫింగర్ల కొనలు మాత్రం గేర్‌బాక్స్ వైపు వస్తాయి. వెనక్కి తగ్గేందుకు బేరింగుకు చోటు లేకపోతే అవి దానికి ఆని ఆగిపోతాయి, డిస్కు మీద పట్టు సడలి క్లచ్ జారుతుంది. ఖాళీ మరీ ఎక్కువైతే పిస్టన్ హద్దు దాటి, సీలు బయటపడి, ఫ్లూయిడ్ అంతా బెల్ హౌసింగులో పోతుంది. పెట్టె మీద కారు పేరు సరిపోయిందని కొలవకుండా బిగించేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆ తర్వాత చిన్న తేడా కనిపించినా గేర్‌బాక్స్‌ను మళ్లీ దించవలసిందే.

బేరింగు తిరగకుండా ఆపే స్టడ్‌ను బిగించి, ఫ్లూయిడ్‌లోని గాలి తీసే గొట్టాన్ని ముందే బయటికి తెచ్చి, మధ్యాహ్నానికి గేర్‌బాక్స్ ఎక్కించాము. అప్పటిదాకా పెడల్‌ను ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఎదురుగా ఫింగర్లు లేనప్పుడు తొక్కితే పిస్టన్ ఊడి వస్తుంది.

గాలి తీయడం తేలికగానే అయింది. తర్వాత వెనుక చక్రాలను పైకి లేపి, ఇంజను ఆపి గేరులో ఉంచి, నేను పెడల్‌ను కొద్దికొద్దిగా నొక్కుతుంటే మా బావమరిది చక్రాన్ని తిప్పి చూశాడు. “బావా, ఇప్పుడు వదిలింది” అన్న చోటికి కాస్త దిగువన పెడల్ స్టాపును బిగించాను. అంతకు మించి తొక్కితే ఫింగర్లకూ సీలుకూ చేటే.

చివరగా రిజర్వాయరులో డాట్ 3 రకం బ్రేక్ ఫ్లూయిడ్‌ను అంచు దాకా పోయకుండా కొంత వెలితిగానే ఉంచాను. డిస్కు అరిగి పిస్టన్ వెనక్కి జరిగేకొద్దీ అందులో మట్టం పెరుగుతుంది.