సుగ్గికి పోయిన ఫోన్లు

ఫిబ్రవరి, మంగళవారం. ఆదోని.

పొద్దున నాలుగూ యాభైకి ఫోను టింగుమంది. ఆ టైముకి వచ్చిందంటే ఎవరో మిరప చేనుకు బయలుదేరే ముందు పంపినట్టే. వాయిస్ మెసేజ్, ఒకటిన్నర నిమిషం. పడుకునే విన్నాను. వెనక ఎక్కడో ట్రాక్టరు స్టార్ట్ చేస్తున్నారు. ఆమె గొంతు బాగా తగ్గించి మాట్లాడింది. లేచి మొహం కడుక్కుని వచ్చేసరికి ఆ చోట "ఈ మెసేజ్ తొలగించబడింది" అని ఉంది.

అందులో ఏముందో ఇక్కడ కూడా రాయను. ఉగ్గాని తింటున్నంతసేపూ అదే ఆలోచన. విన్నానని చెప్పాలా, విననట్టు ఉండాలా?

కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం వైపు ఊళ్ల నుంచి ఏటా సుగ్గికి పోయేవాళ్ల ఆరోగ్యం మీద మా సర్వే. సుగ్గి అంటే కన్నడంలో పంటకోతల కాలం. మా పక్క మాత్రం ఇంటికి తాళం వేసి గుంటూరు వైపు మిరప కోతలకు పోవడం. ముసలోళ్లను ఊళ్లో, పిల్లల్ని వీలైతే సీజనల్ హాస్టల్లో వదిలి, బియ్యం మూట, గిన్నెలు ఎత్తుకుని పోతారు. తిరిగొచ్చాక ఉగాదికి కూర్చోబెట్టి, జనవరిలో జ్వరం ఎన్ని రోజులు ఉండిందమ్మా అని అడిగితే ఏం చెబుతారు? అందుకే వాట్సాప్. వారానికి ఐదు ప్రశ్నలు, నా గొంతుతోనే రికార్డు చేసి పంపుతా. చదువు రాకపోయినా మైకు గుర్తు నొక్కి మాట్లాడతారు. ఫారంలో "నీళ్ల విరేచనాలు" అని ఉంటే నేను "బేదులు" అని అడుగుతా. మొదటి వారం విరేచనాలు అంటే ఒక్కరూ జవాబివ్వలేదు మరి.

తెలివితక్కువ పనులు నేనూ తక్కువ చేయలేదు. మొదట్లో అందరినీ ఒకే గ్రూపులో వేశాను. గ్రూపన్నాక ఒకరి నంబరు ఇంకొకరికి కనబడుతుంది, పైగా ఆ నలభై మందిలో కూలీల్ని పనికి తీసుకుపోయే మేస్త్రి కూడా ఉన్నాడు. రెండు వారాలు అందరూ "బాగున్నాం మేడం" అనే పంపారు. మేస్త్రి వింటుండగా ఒళ్లు బాగలేదని ఎవరంటారు? గ్రూపు తీసేసి బ్రాడ్‌కాస్ట్ (ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా పోయేది) పెడితే, నా నంబరు సేవ్ చేసుకున్న వాళ్లకే అది పోయింది. చివరికి ఇప్పుడు ఒక్కొక్కరికీ విడివిడిగా పంపుతున్నా. బొటనవేలు నొప్పి పుడుతోంది.

ట్రైనింగ్‌లో చెప్పారు, 2016 నుంచి వాట్సాప్ మెసేజ్‌లను మధ్యలో కంపెనీ కూడా చదవడం కుదరదని. నిజమే. కానీ గుడారంలో ఒకటే ఫోను. అది మొగుడి జేబులో ఉంటుంది, రాత్రి పిల్లోడు వీడియోలు చూస్తాడు. దానికి ఏ తాళం వేస్తారు?

పది గంటలకు మా సర్వే సార్‌కి ఫోన్ చేశాను. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017లో పరిశోధనలకు పెట్టిన నైతిక మార్గదర్శకాల్లో వలస వచ్చినవాళ్లను ప్రత్యేకంగా కాపాడాల్సిన వాళ్ల జాబితాలో పెట్టారని గుర్తు చేసి, "చెరిపేసిందంటే వెనక్కి తీసుకున్నట్టే. ఫారంలో రాయొద్దమ్మా" అన్నారు. రాయలేదు. కానీ ఆమెకున్న బాధ చెరిగిపోలేదు కదా సార్ అందామనుకుని ఊరుకున్నా.

మిగతా రోజంతా మామూలే. ఆరుగురికి ఒక్క టిక్ దగ్గరే ఆగింది, రీఛార్జి అయిపోయిందో, సిమ్ మార్చారో. ఒకాయన గులాబీ పువ్వుతో శుభోదయం పంపాడు. ఒకామె చేతివేళ్ల ఫొటో పంపింది, గోళ్ల చుట్టూ తోలు లేచి ఎర్రగా ఉన్నాయి. "అన్నం కలుపుకోలేక చెంచాతో తింటున్నా" అని కింద వాయిస్.

సాయంత్రం ఒక ఉపాయం తోచింది. ఆమెకు ఒక్కదానికే చెబితే దొరికిపోతుంది. అందుకని అందరికీ ఒకే మాట పంపాను: నీళ్లు బాగా తాగండి, ఏ బాధ ఉన్నా దాచుకోకుండా దగ్గర్లోని పీహెచ్‌సీకి పోండి, ఆడవాళ్లు నర్సమ్మతో మాట్లాడొచ్చు.

అరగంటకు ఆ నంబరు నుంచే కాల్. మొగుడు.

"అక్కా, పొద్దున మా ఇంటామె నీకేమన్నా పంపిందా? ఏదో డిలీట్ అని ఉంది."

"ఏం లేదు తమ్ముడూ, జవాబు పంపబోయి నొక్కుడు తప్పింటుంది." అబద్ధమే. "నేను పంపింది విన్నావా? నీళ్లు తాగమను, ఎండలు ముదురుతుండాయి."

"చెప్పేది బాగానే ఉంది గానీ అక్కా, తాగితే యాడికి పోవల్ల ఆడోళ్లు? చుట్టూ మనుషులే, చుట్టూ చేన్లే. చీకటి పడేదంక ఆపుకోవల్ల."

మా ఐదు ప్రశ్నల్లో ఇది లేదు.

"తమ్ముడూ, ఇదే మాట మైకు నొక్కి పంపుతావా?"

పంపాడు. పన్నెండు సెకన్లు. రాత్రి పదైంది, ఇంకా అక్కడే ఉంది.