మంచినీటి పైపు కోసం తవ్విన గాడిలో

వంశధార ఒడ్డున ఉన్న మా ఊళ్లో ఇంటింటికీ కుళాయి ఇవ్వడానికి పైపులైను వేస్తున్నప్పుడు, సర్పంచిగారి అనుమతితో నేను జేసీబీ వెంటే ఉండి తవ్విన గాడిని గమనిస్తూ వచ్చాను. ఆ లైను ఊరి పక్కనున్న పాటిదిబ్బ, అంటే ఒకప్పుడు ఊరున్న మట్టిదిబ్బ, మీదుగా వెళ్లవలసి ఉండడమే అందుకు కారణం. మా తాతల కాలంలో ఈ దిబ్బ మట్టిని బండ్ల కొద్దీ తోలుకుపోయి పొలాలకు ఎరువుగా వేసేవారు. తరతరాలుగా మనుషులు కాపురమున్న చోట బూడిద, పేడ, ఎముకలు కలిసి మట్టికి ఆ సారం వస్తుంది.

గాడి లోతు మీటరుకు కాస్త ఎక్కువ, వెడల్పు రెండడుగులు. పైన రోడ్డు కంకర, దాని కింద ప్లాస్టిక్ కలిసిన చెత్త, ఇంకా కిందికి పోతే మెత్తని బూడిదరంగు మట్టి కనిపించాయి. గాడి గోడను తాపీతో పలచగా గీకి, కాసిని నీళ్లు చిలకరించగానే పొరల హద్దులు తేటపడ్డాయి. అట్టడుగు పొరలోని కుండపెంకులు కొన్ని లోపలివైపూ, అంచు వెంబడీ నల్లగా, వెలుపల ఎర్రగా ఉన్నాయి. కుండను బోర్లించి కాల్చినప్పుడు గాలి తగలని లోపలి భాగం నల్లబడి, గాలి తగిలిన భాగం ఎర్రబడుతుందని ఈ రంగులకు పురావస్తు నిపుణులు కారణం చెబుతారు. దక్షిణ భారతమంతటా ఇనుప యుగం నుంచి తొలి చారిత్రక యుగం వరకు ఇటువంటి కుండలు వాడుకలో ఉన్నాయి. అయితే ఆ పెంకు ఏ పొరలో, ఎంత లోతున, వేటితో కలిసి ఉందో రాసి ఉంటేనే దానికి విలువ. జేసీబీ ఎత్తి గట్టున పోసిన మట్టిలో దొరికితే అది ఉత్త పెంకే. అందుకే ప్రతి పొరకూ కొలబద్ద పెట్టి ఫోటో తీసి, లోతు రాసుకున్నాను.

మన ప్రాంతంలో పేరున్న చోట్లకు కొదవ లేదు. శాలిహుండం బౌద్ధ శిథిలాలను గిడుగు వెంకట రామమూర్తిగారు 1919లో వెలుగులోకి తెచ్చారు. ముఖలింగం తూర్పు గాంగ రాజుల గుడులతో నిలిచి ఉంది. విజయనగరం వైపు రామతీర్థంలో బౌద్ధ శిథిలాలున్న గురుభక్తులకొండ ఉంది. ఇవన్నీ విహారాలు, గుళ్లు. వాటికి ధాన్యం పండించినవారూ, కుండలు చేసినవారూ కాపురమున్న ఊళ్లు మాత్రం చాలావరకు నేటి ఊళ్ల కిందనే ఉండి ఉంటాయని నా నమ్మకం. పైపులైన్లు, కరెంటు స్తంభాల గుంతలు పడేదీ అక్కడే.

చట్టం ఇక్కడ పెద్దగా ఆదుకోదు. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ, రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లను నిషిద్ధ ప్రాంతంగానూ, ఆపై 200 మీటర్లను నియంత్రిత ప్రాంతంగానూ నిర్ణయించింది. కానీ ‘నిర్మాణం’ అనే మాటకు ఆ చట్టమిచ్చిన నిర్వచనంలోంచి ప్రజల నీటి సరఫరా పనులను మినహాయించారు. మా దిబ్బ అసలు రక్షిత స్థలమే కాదు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దాగి పది రూపాయలకు మించిన విలువ గలది దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి, అయితే మట్టిపొరకు ఎవరు వెల కడతారు?

పని ఆపాలని నేను అనడం లేదు; బిందెలు మోసి అలిసిపోయిన ఆడవాళ్లకు నీళ్లు రావడమే ముందు. అడిగేది ఒక్కటే: దిబ్బ ఉన్నంత మేర పళ్లు లేని బకెట్‌తో పలచగా తవ్వించాలి, తెలిసిన మనిషి ఒకరు పక్కన ఉండాలి, గోడ గాని బావి వరలు గాని బయటపడితే ఫోటో, కొలతలు తీసేదాకా పైపు దించకూడదు. రెండడుగుల గాడిలో గోడ ముక్క కనిపిస్తుందే గాని ఇల్లు కనిపించదు. ఓవర్‌హెడ్ ట్యాంకు పునాది గుంత అంతకంటే ఎంతో వెడల్పు, లోతు. దానికి ఇంకా స్థలం ఖరారు కాలేదు కనుక, ముగ్గు పోయకముందే రాష్ట్ర పురావస్తు శాఖకు కబురు పంపాలని పంచాయతీకి అర్జీ ఇచ్చి, ఫోటోలూ కొలతలూ దానికి జత చేశాను.